కొత్త కారు కొన్న మేనల్లుడికి

శ్రీకాకుళం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

వచ్చే ఆదివారం అరసవల్లిలో పూజ చేయించి కారు ఇంటికి తెస్తున్నావని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం నాన్నా. ఆరు ఎయిర్‌బ్యాగులున్న మోడల్ తీసుకున్నావట. "ఇంక భయం లేదమ్మా" అన్నావట. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. అందుకే ఈ ఉత్తరం. ఓపిగ్గా చదువు, అమ్మాయికీ, అదే నీ భార్యకీ, చదివి వినిపించు.

మీ అత్త ఎడమ కంటి కింద మచ్చ ఎలా వచ్చిందో నీకు పూర్తిగా తెలియదు. మూడేళ్ల కిందట సిరిమాను ఉత్సవం చూసి విజయనగరం నుంచి వస్తున్నాం. నాతవలస దగ్గర హైవే ఎక్కాం, రణస్థలం దాటాం. చీకటి పడింది. వెనక లైటు లేని ట్రాక్టరు తొట్టి ఒకటి రోడ్డు మీదే ఆగి ఉంది. చూసేసరికి దగ్గరకొచ్చేశాం. బ్రేకు మీద నిలబడ్డాను, అయినా గుద్దుకున్నాం. ఢామ్మని ఒక్క శబ్దం. తర్వాత చెవుల్లో గుయ్యిమనే హోరు తప్ప ఏమీ వినబడలేదు. కారు నిండా తెల్లటి పొగ, దీపావళి మర్నాడు వీధిలో వచ్చే మందు వాసన. కారు అంటుకుందనే అనుకున్నాను. పక్కకి తిరిగి చూస్తే మీ అత్త ముఖం రక్తం. ఒళ్లో వినాయకుడి బొమ్మ.

ఆ బొమ్మ నేనే అంటించాను. కారు కొన్న రోజున, ఆవిడ ఎదురుగా, డ్యాష్‌బోర్డు మీద, గట్టి గమ్‌తో. దాని కిందే ఎయిర్‌బ్యాగు ఉందని, ముప్పై ఏళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసిన నాకు తట్టలేదు. బ్యాగు మూత చీలినప్పుడు బొమ్మ రాయిలా ఎగిరి తగిలింది. ఇంకో అంగుళం పైకి తగిలితే కన్ను పోయేదని డాక్టరు చెప్పారు. ఇప్పటికీ ఆవిడ అద్దం ముందు బొట్టు పెట్టుకుంటుంటే నేను అటు చూడలేను.

దేవుణ్ణి పెట్టుకోవద్దని చెప్పడం లేదు. గేరు దగ్గర చిన్న అర ఉంటుంది కదా, అందులో పల్చటి పటం పెట్టుకో. డ్యాష్‌బోర్డు మీద మాత్రం బొమ్మలు, సెంటు సీసాలు, ఫోన్ స్టాండు ఏవీ వద్దు. అమ్మాయికి కాళ్లు డ్యాష్‌బోర్డు మీద పెట్టి కూర్చునే అలవాటుంటే ఈ రోజే మాన్పించు. ఆ క్షణాన బ్యాగు తెరుచుకుంటే మోకాళ్లు, తుంటి ఎముకలు నుజ్జవుతాయి.

ఎయిర్‌బ్యాగు అంటే మెత్తటి దిండు అనుకుంటారు అందరూ. లోపల ఉండేది దూది కాదు, టపాసుల్లో ఉండేలాంటి పేలుడు మందు. కారు ఒక్కసారిగా ఆగిన సంగతి సెన్సరు పసిగట్టగానే ఆ మందు అంటుకుని గ్యాసు పుడుతుంది. సెకనులో ఇరవయ్యో వంతు గడవకముందే బ్యాగు నిండిపోతుంది. అప్పుడది వచ్చే వేగం గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. నిండిన వెంటనే వెనకనున్న రంధ్రాల్లోంచి గ్యాసు పోతూ మెత్తబడుతుంది. మన ముఖం మెత్తబడుతున్న బ్యాగు మీద పడితే బతుకుతాం. ఇంకా నిండుతున్న బ్యాగుకి ఎదురెళితే అదే మనల్ని కొడుతుంది. మనిషిని ఆ కాస్త వెనక పట్టి ఉంచేది సీటు బెల్టు ఒక్కటే. స్టీరింగ్ మీద ఎస్‌ఆర్‌ఎస్ అని ఉంటుంది చూడు. అందులో మొదటి అక్షరానికి అర్థం 'తోడు' అనే. బెల్టుకి తోడు అది, బెల్టుకి బదులు కాదు.

వెనక సీట్లో కూర్చున్నవాళ్లకీ ఇదే. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయింది ఎంత ఖరీదైన కారులోనో నీకు తెలుసు. ఆయన వెనక కూర్చున్నారు, బెల్టు పెట్టుకోలేదు. అక్కని ఎక్కించుకున్నప్పుడు "వెనకే కదా" అంటుంది. ఊరుకోకు. బెల్టు పెట్టుకునేదాకా బండి కదిలించకు.

నీ సంగతి ఒకటి. నువ్వు స్టీరింగ్‌కి మరీ దగ్గరగా, దాదాపు ఛాతీ ఆనించుకుని నడుపుతావు. మొన్న పెళ్లికి పలాస వెళ్లినప్పుడు గమనించాను. ఛాతీకీ స్టీరింగ్ మధ్య భాగానికీ కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు అంకెలుండే చోట పట్టుకో. ఆ రోజు నా కుడి చెయ్యి స్టీరింగ్ పైన అడ్డంగా ఉంది. బ్యాగు దాన్ని విసిరికొడితే వాచీ వచ్చి నా నుదుటికే తగిలింది, ముంజేతి మీద చర్మం కమిలి లేచిపోయింది.

అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. కడుపుతో ఉన్నా బెల్టు తప్పదు. కింది పట్టీ పొట్ట మీదుగా కాదు, పొట్ట కింద తొడలకి ఆనేలా ఉండాలి. సీటు బాగా వెనక్కి జరిపి కూర్చోమను. రేపు బిడ్డ పుట్టాక ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుని కూర్చోవద్దు. మన ఊళ్లలో అందరూ చేసే పనే అది, చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. బ్యాగుకీ తల్లికీ మధ్య బిడ్డ నలిగిపోతుంది. వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటుని ఎయిర్‌బ్యాగు పనిచేసే ముందు సీట్లో ఎప్పుడూ బిగించకు. పన్నెండేళ్లు నిండేదాకా పిల్లల చోటు వెనక సీటే.

ఏడు రోడ్ల జంక్షన్‌లో సీటు కవర్లు వేయిస్తానన్నావట. పక్క ఎయిర్‌బ్యాగులు సీటు అంచులోనే ఉంటాయి. అక్కడ కుట్టు విడిపోయేలా చేసిన కవరైతేనే వేయించు, లేదంటే కంపెనీ ఇచ్చిన బట్టే చాలు. గేదెలు అడ్డొస్తాయని ముందు ఇనప గార్డు పెట్టించకు. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని వద్దంది. దెబ్బ సెన్సర్‌కి చేరాల్సిన తీరులో చేరదు.

ఒకవేళ బ్యాగులు తెరుచుకుంటే, పొగ చూసి కంగారు పడకండి. చాలావరకు అది బ్యాగు మడతల్లో చల్లిన పౌడరు. ఇంజను ఆపి, బెల్టులు తీసి, రోడ్డుకి దూరంగా వెళ్లండి. 108కి ఫోన్ చెయ్యి, హైవే మీదైతే 1033 కూడా ఉంది. కళ్లు నలపకుండా నీళ్లతో కడుక్కోవాలి. ఆయాసం ఉన్నవాళ్లని ముందు బయటికి తియ్యి. పైకి బాగానే ఉన్నా ఆస్పత్రికి వెళ్లాలి. నాకు ఛాతీ నొప్పి మర్నాడు మొదలైంది.

తర్వాత ఖర్చు సంగతి. ఒకసారి పేలిన బ్యాగు మళ్లీ పనికిరాదు. బ్యాగులు, బెల్టుల బిగింపు, డ్యాష్‌బోర్డు, బ్యాగుల్ని నడిపే కంప్యూటరు పెట్టె అన్నీ మార్చాలి. బాగుచేసే ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కారు మొత్తం పోయినట్టే లెక్కగడతారు. నా కారుకి ఒక షెడ్డువాడు చవకలో దారి చూపించాడు. బ్యాగులు పెట్టకుండానే డ్యాష్‌బోర్డు అతికించి, హెచ్చరిక లైటు వెలగకుండా లోపల బ్యాగు ఉన్నట్టే కంప్యూటరు పెట్టెని నమ్మించే చిన్న రెసిస్టరు పెడతానన్నాడు. అలాంటి కార్లు ఎన్ని అమ్ముడుపోతున్నాయో అని ఆ రాత్రంతా ఆలోచించాను. అందుకే నీ పాత కారు తమ్ముడికి ఇచ్చే ముందు తాళం తిప్పి చూడు. ఎయిర్‌బ్యాగు లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా కంపెనీ షోరూమ్‌లో చూపించాలి. దాని ఛాసిస్ నంబరు మీద రీకాల్, అంటే లోపం ఉందని కంపెనీయే కార్లు వెనక్కి పిలవడం, ఏదైనా ఉందేమో కూడా అక్కడే అడుగు. టకాటా అనే కంపెనీ చేసిన బ్యాగుల్లో గ్యాసు పుట్టించే మందుగా వాడిన అమ్మోనియం నైట్రేటు ఏళ్ల తరబడి ఎండకీ తేమకీ పాడై, పేలినప్పుడు లోహపు ముక్కలు మనుషుల్లోకి దూసుకెళ్లాయి. మనది సముద్రపు గాలి తగిలే జిల్లా.

ఆదివారం పూజ అయ్యాక వెంటనే బయల్దేరకు. నేనూ మీ అత్తా అక్కడికే వస్తాం. టేపు తెస్తాను, నిన్ను సీట్లో కూర్చోబెట్టి ఆ 25 సెంటీమీటర్లు నేనే కొలుస్తాను. అమ్మాయి బెల్టు మీ అత్త సరిచేస్తుంది.

మీ మావయ్య