పాత రేసింగ్ సైకిలు చెరువు కట్ట ఎక్కుతుందా?

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 47, బరువు 74 కిలోలు. మా నాన్న తొక్కిన పాత రేసింగ్ సైకిలు ఒకటి మిద్దె మీద రూములో పదిహేనేళ్ళుగా పడి ఉంది. వంపు హ్యాండిలు, స్టీలు ఫ్రేము, స్టీలు రిమ్ములు. టైరు మీద 27 × 1¼ అని ఉంది. ముందు 52, 40 పళ్ళ చక్రాలు రెండు, వెనక 14 నుంచి 28 దాకా ఐదు. తుడిచి చూస్తే తుప్పు పెద్దగా లేదు. పొద్దున్నే పేరూరు చెరువు వైపు, తొండవాడ, శ్రీనివాస మంగాపురం చుట్టుపక్కల మట్టి బాటల్లో తిరగాలని ఉంది. షాపులో అడిగితే ‘అది పాత సామాన్లకు వేసేయండి సార్, గ్రావెల్ బైక్ తీసుకోండి, అరవై వేల నుంచి ఉన్నాయి’ అన్నారు. నాన్న బండి వదలబుద్ధి కావడం లేదు. పనికొస్తుందా?

జవాబు: నిక్షేపంగా పనికొస్తుంది. షాపువాళ్ళను తప్పు పట్టను, అమ్మడం వాళ్ళ పని. కానీ మట్టి బాట అనగానే దానికి వేరే బండి ఉండాలన్నది ఈ మధ్య పుట్టిన మాట. రెండు వైపులా పాల క్యాన్లు తగిలించుకుని ఒంటి గేరు సైకిలు మీద చెరువు కట్టలూ గెనిమలూ తొక్కిన మన వాళ్ళకు గ్రావెల్ అనే పేరే తెలియదు. ఇంగ్లండులో మామూలు సైకిళ్ళతో కొండ బాటలు పట్టి తిరిగేవాళ్ళు 1955లోనే రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అని ఒక సంఘం పెట్టుకున్నారు, మౌంటెన్ బైకు అన్నది అప్పటికి ఇంకా పుట్టలేదు.

మీ బండి విషయంలో ఒక మంచి సంగతి మీరే రాశారు, గమనించినట్టు లేరు. 1¼ అంటే ఒకటింబావు అంగుళం, అంటే దాదాపు 32 మి.మీ. ఆ కాలంలో రోడ్లు అలా ఉండేవి కాబట్టి ‘రేసింగ్’ అని అమ్మిన బండికి కూడా ఆ మాత్రం లావు టైరు వేసి, దాని మీద మడ్‌గార్డు పట్టేంత సందు వదిలేవాళ్ళు. 23 మి.మీ. సన్న టైర్లు, దానికి తగ్గట్టు బిగించేసిన ఫ్రేములు తర్వాత వచ్చిన వేషాలు. 32 తో మట్టిలో ఏం పోతాం అనుకోకండి, బురదలో గడ్డిలో పరిగెత్తించే సైక్లోక్రాస్ పందేల్లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒప్పుకునే టైరే 33 మి.మీ.కి మించకూడదు. కాబట్టి మీరు ఆ బండిని మార్చడం కాదు, అది దేనికి పుట్టిందో ఆ పని మళ్ళీ చేయించడం, అంతే.

ముందు ఫ్రేము చూడండి. హ్యాండిలు కింద, ముందు ఫోర్కు దిగే చోటుకు వెనక వైపు, పైపు అడుగున పెయింటు ముడత పడిందా? పడితే ఎప్పుడో ఎదురుగా గట్టిగా గుద్దుకుంది అని అర్థం, ఆ ఫ్రేముతో గుంటల్లోకి వెళ్ళొద్దు. పెడళ్ళు తగిలించే క్రాంకు తిరిగే చోటు చుట్టూ, వెనక చక్రం నట్లు బిగించే చోట అతుకుల దగ్గర వెంట్రుక లాంటి గీత ఉందేమో గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి చూడండి. అవి లేకపోతే ఫ్రేముకు భయం లేదు. సీటు పైపు, హ్యాండిలు పైపు పదిహేనేళ్ళలో పట్టేసి ఉంటాయి, సుత్తి తీయకుండా సందులో నూనె పోసి రెండు రాత్రులు వదిలేయండి.

ఇప్పుడు టైరు. అసలు గొడవంతా ఇక్కడే. 27 అంటే 28 కంటే చిన్నదే కదా అనుకుంటాం, టైరు కూర్చునే చోట లెక్క తలకిందులుగా ఉంటుంది. ఇప్పటి రోడ్డు సైకిళ్ళకు వచ్చే, 28 అనీ 700సి అనీ పిలిచే రిమ్ముకు అక్కడ వ్యాసం 622 మి.మీ. మీ 27 దానికి 630. మన పాత నల్ల సైకిలు 28 × 1½ కి 635. ఒకదాని టైరు ఇంకోదానికి సరిపోదు, మెకానిక్కు రెండు టైరు లివర్లు పెట్టి ఎంత గింజుకున్నా సరే. టైరు పక్కన చిన్న అంకెల్లో 32-630 అనో 32-622 అనో ఉంటుంది, షాపువాడి మాట కాదు, మీ గుర్తు కూడా కాదు, ఆ అంకెనే నమ్మండి.

630 లో టైర్లు దొరుకుతాయి గానీ రకాలు తక్కువ, బొడిపెలున్నవి ఇంకా తక్కువ. అందుకని నా సలహా ఏమిటంటే, చక్రం నడిమధ్య ఉండే మీ పాత హబ్బులు బాగుంటే వాటికే 622 అల్యూమినియం రిమ్ములు అల్లించుకోండి. స్పోకులు కొత్తవి కొనాలి, హబ్బుకు ఎన్ని బెజ్జాలో రిమ్ముకూ అన్నే ఉండాలి, లెక్కపెట్టుకుని వెళ్ళండి. దీనివల్ల మూడు లాభాలు. టైర్లు కావలసినన్ని రకాలు. రిమ్ము చుట్టూ 4 మి.మీ. తగ్గుతుంది కాబట్టి పైన అంత సందు అదనంగా వస్తుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం: తడిసిన స్టీలు రిమ్ము మీద బ్రేకు రబ్బరు పట్టదు, నవంబరు వానల్లో పేరూరు నుంచి వచ్చేటప్పుడు లారీ ఎదురైతే ఆ సంగతి తెలిసొస్తుంది, అప్పుడు తెలిసి లాభం లేదు. అల్యూమినియం మీద తడిలో కూడా చాలా మేలు. హబ్బులు పాతవే కాబట్టి వెనక ఫ్రేము సందు సరిపోతుందా లేదా అన్న తలనొప్పి కూడా ఉండదు.

వెళ్ళి అల్లించే ముందు ఒక్కటి చూసుకోండి. బ్రేకు రబ్బర్లు ఇప్పుడున్న చోటు నుంచి 4 మి.మీ. కిందికి దిగాలి. బ్రేకు చేతిలో రబ్బరు జరిపే గాడి అంత కిందికి ఉంటే సరే, లేకపోతే పొడుగు చేతుల బ్రేకు కొనాలి. 47 నుంచి 57 మి.మీ. దాకా అందే రకం అని అడగండి, మీ పాత ఫ్రేముకు వెనక నట్టు బయటికి కనిపించే రకమే కావాలి, ఇప్పటివి ఎక్కువగా నట్టు లోపలికి దూరే రకం.

ఎంత లావు టైరు? 32 తో మొదలుపెట్టండి, సందు ఉంటే 35. ఉందో లేదో తెలుసుకోవడానికి 5 మి.మీ. అలెన్ కీ తీసుకుని గాలి నిండిన టైరుకు పక్కన, పైన, ఫోర్కు దగ్గర, బ్రేకు కింద, వెనక క్రాంకు దగ్గర రెండు పైపులు ఇరుకయ్యే చోట దూర్చి చూడండి, దూరకపోతే ఆ టైరు వద్దు. నేను ఇది చేయకుండానే 38 వేశాను. ఇంట్లో చక్రం ఎత్తి తిప్పితే ఎక్కడా తగల్లేదు, భలే పట్టింది అనుకున్నా, రంగంపేట దగ్గర ఎత్తులో సీటు మీంచి లేచి తొక్కేసరికి చక్రం అటూ ఇటూ వంగి టైరు ఫ్రేమును రాసి పెయింటు లేపేసింది. వారం తర్వాత వాన పడితే ఎర్రమట్టి ఆ సందులో ఇడ్లీ పిండిలా పేరుకుని చక్రం అసలు తిరగనే లేదు, సైకిలును భుజాన వేసుకుని నాలుగు ఫర్లాంగులు నడిచాను. మడ్‌గార్డులు ఉంటే తీసేయండి, అది కూడా అందుకే.

గాలి విషయంలో మన వాళ్ళకు ఒక పట్టుదల ఉంది, టైరు రాయిలా ఉండాలని. పంపు షాపులో కుర్రాడు బొటనవేలితో నొక్కి చూసి ఇంకో రెండు పోట్లు వేస్తాడు. మీ బరువుకు 32 టైరులో వెనక 55 పీఎస్ఐ, ముందు 50 పెట్టి మొదలెట్టండి. గులకరాళ్ళ మీద చేతులు అదిరిపోతుంటే ఐదేసి తగ్గించండి. రాయి తగిలినప్పుడు రిమ్ము ఠంగ్ మంటే తగ్గించింది ఎక్కువైందని, ట్యూబు మీద పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులు పడితే మరీ ఎక్కువైందని. కొన్నాళ్ళు పాత స్టీలు రిమ్ములతోనే నడుపుతారంటే ఒక జాగ్రత్త, వాటిలో చాలావాటికి టైరును పట్టి ఉంచే లోపలి కొక్కెం అంచు ఉండదు, గాలి బాగా ఎక్కిస్తే టైరు పట్టుతప్పి ట్యూబు పేలుతుంది.

కేబుళ్ళు, బ్రేకు రబ్బర్లు, చైను కొత్తవి వేయించండి, బేరింగుల్లో గోళీలు మార్చి గ్రీజు పెట్టించండి, ఇందులో బేరాలు వద్దు. గేర్లు మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. 40 ముందు, 28 వెనక ఉంటే పెడలు ఒక్క చుట్టు తిరిగితే మూడు మీటర్లు పోతారు, మీరు చెప్పిన బాటలన్నీ దాదాపు చదునే కాబట్టి అది చాలు. వెనక 34 వేస్తే రెండున్నర మీటర్లకు దిగుతుంది, ఎత్తులు తేలికవుతాయి, కానీ చైనును జరిపి గేరు మార్చే మీ పాత డిరైలర్ అంత పెద్ద పళ్ళ చక్రాన్ని అందుకోలేక అది కూడా మార్చాల్సి వస్తుంది. ఒక నెల తొక్కాక మోకాళ్ళు ఏమంటాయో విని అప్పుడు చూడండి.

ఇంత చెప్పి అసలు శత్రువును మరిచాను. పల్లేరు కాయలు. రాళ్ళు కాదు, గుంటలు కాదు, మన దగ్గర ట్యూబులను చంపేది పల్లేరు, తుమ్మ ముల్లు. పల్లేరు కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. టైరుకు ట్యూబుకు మధ్య వేసే పట్టీ దొరుకుతుంది, లేదంటే మెకానిక్కులు పాత ట్యూబును నిలువునా కోసి లోపల పరుస్తారు, కొంచెం బరువు పెరుగుతుంది కానీ పని చేస్తుంది. అంచులు మడతపడకుండా పరచమని చెప్పండి, మడతే కొత్త ట్యూబును రాసి చిల్లు పెడుతుంది. బాట అంచున పచ్చగా, పసుపు పూలతో నేలకు అతుక్కుని పాకిన తీగ కనిపిస్తే అదే పల్లేరు, దాని పక్కన సైకిలు పడుకోబెట్టి ఫొటోలు తీసుకోకండి.

ప్రశ్న: నాది చిత్తూరు. పదేళ్ళ నాటి అల్యూమినియం రోడ్ బైక్, మామూలు రిమ్ బ్రేకులు. 28 మించి టైరు పట్టడం లేదు. చిన్న చక్రాలు వేసి లావు టైర్లు పెట్టుకోవచ్చని ఒక మిత్రుడు అన్నాడు, 650బి అట. ఫోర్కు లోపల కాస్త ఆకురాయితో రాయిస్తే 32 పడుతుందని మెకానిక్కు అంటున్నాడు. ఏది చేయమంటారు?

జవాబు: రెండూ వద్దు. ఆకురాయి మాట ఎత్తిన మెకానిక్కుకు దండం పెట్టి వచ్చేయండి, ఫోర్కు విరిగితే రాలేది మన పళ్ళే. 650బి రిమ్ము 584 మి.మీ., మీ 622 తో పోలిస్తే చుట్టూ 19 మి.మీ. లోపలికి పోతుంది, మీ బ్రేకులు అంత దూరం అందుకోవు. డిస్కు బ్రేకుల బండి అయితే ఆ ఆలోచన చేయొచ్చు, మీకు కుదరదు. స్టీలు ఫ్రేము అయితే వెనక సందు కాస్త వెడల్పు చేయడం లాంటివి తెలిసిన చేతులు చేస్తాయి, అల్యూమినియం మాత్రం అలా వంచితే చీలుతుంది. మంచి 28 టైర్లు వేసి, గాలి కొంచెం తగ్గించి, గట్టిపడిన మట్టి రోడ్లకు పరిమితం అవ్వండి. మామిడి తోటల మధ్య ట్రాక్టర్లు తిరిగి అణిగిన బాటలు మీ వైపు బోలెడు, వాటికి 28 చాలు.

ప్రశ్న: మేం చంద్రగిరిలో ఉంటాం. మా ఆయన పాత రేసు సైకిలు నేను తొక్కుతున్నాను. వంగి తొక్కితే మెడ పట్టేస్తోంది. హ్యాండిలు తీసేసి మామూలు తిన్నటిది వేయించుకోవచ్చా అండీ?

జవాబు: వేయించుకోవచ్చు అమ్మా, కానీ ముందు ఖర్చు లేని పని చూడండి. హ్యాండిలు మధ్యలో పైన ఉండే బోల్టు మూడు నాలుగు చుట్లు వదులు చేసి, దాని నెత్తిన చెక్క పెట్టి సుత్తితో ఒక్కటి కొట్టిస్తే పైపు వదులవుతుంది, పైకి లాగొచ్చు. ఆ పైపు మీద గీత చెక్కి ఉంటుంది, అది బయటికి కనిపించేంత పైకి మాత్రం ఎత్తకండి. రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తినా మెడకు చాలా తేడా తెలుస్తుంది.

దానికీ తగ్గకపోతే తిన్నటి హ్యాండిలు వేయించుకోండి. అప్పుడు బ్రేకు లివర్లు కూడా మారుస్తారు కదా, అక్కడే చాలామంది మోసపోతారు. మౌంటెన్ బైకుల వి-బ్రేకు లివర్లు తెచ్చి తగిలిస్తారు, అవి కేబులును ఎక్కువ పొడవు లాగుతాయి గానీ బలం తక్కువ, మీ పాత బ్రేకులతో కలిస్తే లివరు పిడికిలి బిగించినా బండి ఆగీ ఆగనట్టు ఉంటుంది. రోడ్డు సైకిలు కాలిపర్ బ్రేకులకు పనికొచ్చే లివర్లే అని గట్టిగా చెప్పి కొనండి. బిగించాక ఇంటి ముందే పదిసార్లు ఆపి చూసి గానీ కోట వైపు పోకండి.

ప్రశ్న: పుత్తూరు నుంచి, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. పాత రోడ్ బైక్‌కు 35 టైర్లు వేశాను, బాగా పోతోంది అన్నా. శేషాచలం అడవి లోపలి బాటల్లో తొక్కాలని ఫ్రెండ్స్ ప్లాన్. మార్గం చెప్తారా?

జవాబు: చెప్పను తమ్ముడూ. అది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, దాని చుట్టూ రిజర్వు అడవి, అనుమతి లేకుండా లోపలికి వెళ్ళడమే నేరం. ఎర్రచందనం ఉన్న అడవి కాబట్టి చీకట్లో బ్యాగులతో కనిపించిన కుర్రాళ్ళను అక్కడి సిబ్బంది ఏమనుకుంటారో ఊహించుకో. చిరుతలు ఎలాగూ ఉన్నాయి. కొండ కావాలంటే దూరం నుంచి కనిపించేలా పోవచ్చు, రామచంద్రాపురం వైపు రాయలచెరువు కట్టకు పొద్దున్నే వెళ్ళండి. స్వర్ణముఖి దాటేటప్పుడు ఇసుక వస్తే 35 టైరైనా కూరుకుపోతుంది, తొక్కాలని పంతం పట్టకుండా దిగి నెట్టుకోండి. తొండవాడ దగ్గర నేను పట్టిన పంతానికి ఇప్పటికీ మోచేతి మీద మచ్చ ఉంది. తలా ఒక ట్యూబు, నలుగురికీ కలిపి ఒక పంపు.