ముసుగు వీరుడు కోర్టులో సాక్ష్యం చెప్పగలడా?

ప్రశ్న: ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయికి విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్టు దగ్గర ఒక కామిక్ పుస్తకం కొనిపెట్టాను. ముసుగులు వేసుకున్న నలుగురు కలిసి, ఒక రేవు పట్టణాన్ని పీడిస్తున్న ముఠాను మట్టికరిపించే కథ అది. "పోలీసులు ఉండగా వీళ్లెందుకు? మంచి పని చేసేవాళ్లకు ముసుగెందుకు?" అని వాడు అడిగితే నాకు జవాబు తోచలేదు. మన గుంటూరులో ఎవరైనా అలా చేస్తే చట్టం ఒప్పుకుంటుందా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి మొదటి ప్రశ్నకు జవాబు ఆ కథలోనే ఉంటుంది గాని, తన్నులాటల బొమ్మల మధ్య కంటికి ఆనదు. ఇలాంటి కథల్లో ముఠా అంటే కత్తులు పట్టుకు తిరిగే నలుగురు రౌడీలు కాదు. రేవులో దిగే ప్రతి సరుకు మీదా మామూలు వసూలు చేసి, అందులో స్టేషనుకు ఇంత, ఊరి పెద్దలకు ఇంత అని పంచే ఏర్పాటు. రచయిత ముందుగా పోలీసును అమ్ముడుపోయినవాడిగా చూపిస్తాడు. ఆ తర్వాతే ముసుగు వీరుడికి పని దొరుకుతుంది. 1939లో బ్యాట్‌మన్ పుట్టేనాటికి అమెరికా పాఠకులకు ఇది వింత ఊహేమీ కాదు. 1920 నుంచి 1933 దాకా అక్కడ అమలైన మద్యనిషేధ కాలంలో దొంగసారా ముఠాలు పోలీసులనూ నాయకులనూ ఎలా గుప్పిట్లో పెట్టుకున్నాయో వాళ్లు చూసినవాళ్లే.

ముసుగు అంతకంటే పాతది. 1919లో ఒక పత్రికలో సీరియల్‌గా వచ్చిన కథలో జోరో అనే కత్తివీరుడు ముసుగు కట్టాడు. ముఠా తన ఇంటివాళ్ల మీద పగ తీర్చుకోకుండా ఉండాలన్నది ఇలాంటి వీరులు సాధారణంగా చెప్పే కారణం. అయితే నాకు నచ్చినది 1936లో మొదలైన ఫాంటమ్ ముసుగు. ఇంద్రజాల్ కామిక్స్ చదివిన తరం అతన్ని మరచిపోదు. తండ్రి తర్వాత కొడుకు అదే వేషం వేసుకుంటూ రావడంవల్ల, ఇరవై ఒకటో తరంవాడిని చూసి కూడా శత్రువులు ఇతనికి చావే లేదనుకుంటారు. అక్కడ ముసుగు మొహాన్ని దాచడంకంటే మరణాన్ని దాచడానికే ఎక్కువగా పనికొస్తుంది.

ఇక చట్టం సంగతి. అరెస్టులు, కేసుల విచారణ ఎలా జరగాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నాన్‌బెయిలబుల్ (హక్కుగా బెయిలు దొరకని) నేరం తన కళ్లముందే జరిగితే, మామూలు పౌరుడు కూడా ఆ నేరస్థుణ్ణి పట్టుకోవచ్చు. కాని అనవసరమైన ఆలస్యం చేయకుండా, ఆరు గంటల లోపల, అతన్ని పోలీసులకు అప్పగించి తీరాలి. పట్టుకునే హక్కేగాని శిక్షించే హక్కు కాదది. ఆత్మరక్షణకు కూడా అవసరానికి మించిన దెబ్బ చెల్లదు.

మీ పుస్తకం చివరి పేజీ ఎలా ఉంటుందో నేను ఊహించగలను: స్టేషను ముందు దీపస్తంభానికి తాడుతో కట్టేసిన ముఠా నాయకుడు, ఎదుటి మేడ మీద ఎగురుతున్న అంగవస్త్రం. చిక్కంతా మర్నాడు ఉదయం మొదలవుతుంది. ఆ నాయకుణ్ణి ఏ నేరం చేస్తుండగా ఎవరు చూశారు? చూసినవాడు కోర్టు బోనెక్కి, పేరూ ఊరూ చెప్పి, ప్రమాణం చేసి, ఎదుటి పక్షం వకీలు వేసే అడ్డుప్రశ్నలకు నిలబడాలి. ముసుగు తీయనంటే సాక్ష్యం లేదు; తీస్తే కథ అయిపోతుంది. ఈ ఒక్క సంగతి మీ అబ్బాయికి చెప్పి చూడండి, రెండో భాగం వాడే రాసేస్తాడు.

ప్రశ్న: పాత కామిక్స్‌లో ప్రతిసారీ ముఠాయే ఓడిపోతుందేం?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: 1954లో అమెరికా ప్రచురణకర్తలే ఒక నియమావళి పెట్టుకున్నారు. మంచే గెలవాలి, నేరస్థుడికి శిక్ష పడాలి, పోలీసుల మీదా న్యాయమూర్తుల మీదా అగౌరవం కలిగేలా ఏదీ చూపకూడదు అన్నవి అందులోని షరతులు. చివరి షరతుతో పైన చెప్పిన లంచగొండి పోలీసు పుస్తకాల్లోంచి దాదాపు మాయమయ్యాడు. పోలీసులందరూ నిజాయితీపరులైన ఊళ్లో ముసుగు వీరుడికి చేతినిండా పనెక్కడిది? ఆ దశాబ్దపు చివరికి బ్యాట్‌మన్ అంతటివాడు కూడా వేరే గ్రహాల నుంచి దిగిన వింత జీవులతో కుస్తీలు పట్టాడు.