రెండో జీతం ఫీజుది: వేసవి సంపాదన కాలేజీ తెరిచేదాకా నిలవాలంటే

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది పూర్తయింది. సెలవులు 12 వారాలు. మొదటి రోజు నుంచే 10 వారాల పాటు ఒక కంపెనీలో స్టైపెండ్‌తో ఇంటర్న్‌షిప్ దొరికింది. పోయినేడాది కూడా వేసవిలో పనిచేశాను. బాగానే వచ్చింది కానీ కాలేజీ తెరిచేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు, ఫీజుకు అప్పు చేశాను. దుబారా చేసినట్టు కూడా లేదు. ఈసారి ఫీజు నేనే కట్టుకుంటానని ఇంట్లో చెప్పేశాను. ఎలా ప్లాన్ చేసుకోవాలి? మొదటి జీతం పడేదాకా క్రెడిట్ కార్డుతో నెట్టుకురమ్మని స్నేహితులు అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: దుబారా చేయలేదన్న మీ మాట నిజమే అయ్యుంటుంది. వేసవి సంపాదనకు గండి పడేది ఎక్కువగా తేదీల దగ్గర. డబ్బు వచ్చే రోజు ఒకటి, కావాల్సిన రోజు మరొకటి. ఆ రెండింటి మధ్య ఖాళీని అప్పుతోనో, ఫీజు కోసం ఉంచినదాంతోనో పూడుస్తారు. మొత్తం ఎంత వస్తుందో లెక్క వేసుకున్నవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు.

అంకెలతో చూద్దాం. మీ స్టైపెండ్ వారానికి 100 అనుకోండి. 10 వారాలకు 1000. పనికి వెళ్లిరావడానికి వారానికి 12, మధ్యాహ్న భోజనానికి 18, ఫోన్, డేటాకు 5, మొత్తం 35 పోతుంది. ఇది పని ఉన్న 10 వారాలకే, అంటే 350. చేతి ఖర్చులు వారానికి 12, ఇవి 12 వారాలూ ఉంటాయి, 144. కాలేజీ తెరిచేనాటికి ఫీజు 250, పుస్తకాలు, ల్యాబ్ సామగ్రి 80, హాస్టల్ అడ్వాన్స్, ప్రయాణం 70, మొత్తం 400. ఇవన్నీ తీసేస్తే 1000లో 106 మిగలాలి. కాగితం మీద చక్కగా ఉంది కదా.

ఇప్పుడు తేదీలు పెట్టి చూడండి. చాలాచోట్ల జీతం నెల పూర్తయ్యాక, మరో నాలుగైదు రోజులకు ఖాతాలో పడుతుంది. ఒకటో తేదీన చేరితే మొదటి జీతం, సుమారు 430, 35వ రోజుకు వస్తుంది. రెండోది, మరో 430, 65వ రోజుకు. మీ పని 70వ రోజుకు అయిపోతుంది. మిగిలిన పది రోజుల డబ్బు 140. అది మూడో నెల ముగిశాక, 95వ రోజుకు గానీ రాదు. కాలేజీ తెరిచేది 84వ రోజున. అంటే ఫీజు గడువు నాటికి వచ్చింది 860, ఖర్చయింది 494, చేతిలో ఉన్నది 366. కావాల్సింది 400. మొత్తం లెక్కలో 106 మిగిలే మనిషికి ఫీజు రోజున 34 తక్కువ పడింది.

ఇంకాస్త దగ్గరగా చూస్తే మరో సంగతి బయటపడుతుంది. మొదటి జీతం వచ్చేలోపు ఐదు వారాలు, వారానికి 47 చొప్పున 235 ఖర్చు పెట్టాలి. అది ఎక్కడినుంచో తెచ్చిందే. మొదటి 430 రాగానే ఆ 235 తీర్చేస్తే 195 మిగులుతుంది. రెండో జీతం దాకా ముప్పై రోజులకు కావాల్సింది సుమారు 201. అంటే మొదటి జీతంలోంచి పొదుపు అయ్యేది సున్నా, ఇంకా 6 తక్కువ. ఫీజంతా రెండో జీతం మీదే కూర్చుంది. విద్యార్థులు మాత్రం తొలి జీతం దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకుని, రెండోది రాగానే ‘ఇక కుదురుకున్నాం’ అని కొత్త ఫోన్ వాయిదాలో, చిన్న ట్రిప్పో మొదలుపెడతారు. చాలామంది ఫీజు ఖర్చయిపోయేది అక్కడే. మీ క్యాలెండర్‌లో రెండో జీతం తేదీ పక్కన ‘ఫీజు’ అని ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఈ లెక్కను మీ అసలు అంకెలతో చేయడానికి అరగంట చాలు. ఒక కాగితం మీద కాలేజీ తెరిచే తేదీ అడుగున రాసి, అక్కడి నుంచి ఇవాళ్టి దాకా వారం వారం పైకి గీతలు గీయండి. ప్రతి వారానికీ మూడు గళ్లు: వచ్చేది, పోయేది, చేతిలో ఉండేది. మూడో గడిలో ఎక్కడ మైనస్ వస్తే అక్కడ అప్పు పుడుతుంది. నెలల లెక్కన వేయొద్దు. నెలలో నాలుగు వారాంతాలు ఉండొచ్చు, ఐదు ఉండొచ్చు. మీ చేతి ఖర్చుల్లో సగానికి పైగా వారాంతంలోనే పోతాయి కాబట్టి నెల లెక్క ఎప్పుడూ ఒక వారం తప్పుతుంది.

ఆ కాగితం నింపాలంటే కంపెనీని కొన్ని విషయాలు అడగక తప్పదు. చేరకముందే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి: స్టైపెండ్ ఏ తేదీన పడుతుంది, మొదటి నెలది ఆ నెలకే వస్తుందా, తర్వాతి నెలలోనా, కటింగులు ఏమైనా ఉన్నాయా, ప్రయాణ ఖర్చులు తిరిగి ఇస్తారా, చివరి పది రోజుల మొత్తాన్ని ఆఖరి పనిరోజునే సెటిల్ చేయగలరా. డబ్బు గురించి అడిగితే చెడ్డ అభిప్రాయం పడుతుందని మొహమాటపడతారు గానీ, ఇవి వాళ్లకు రోజూ వచ్చే ప్రశ్నలే. ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో అడగండి, జవాబు రాతపూర్వకంగా ఉంటుంది. చివరి ప్రశ్నకు ‘సరే’ అంటే పై లెక్కలో 140 గడువుకు ముందే వచ్చేస్తుంది, 34 లోటు అక్కడితో తీరిపోతుంది.

ఒప్పుకోకపోతే మరో రెండు దారులున్నాయి. కాలేజీ అకౌంట్స్ విభాగంలో ఫీజు రెండు వాయిదాల్లో కట్టే వీలుందేమో కనుక్కోండి. గడువుకు కనీసం మూడు నాలుగు వారాల ముందు అడిగినవాళ్లకు ఈ వెసులుబాటు దొరికే అవకాశం ఎక్కువ, గడువు దాటాక వెళ్తే జరిమానా గురించే మాట్లాడతారు. రెండోది, చేతి ఖర్చులు వారానికి 12 నుంచి 9కి తగ్గించడం. 12 వారాల్లో 36 ఆదా, లోటు 34. ఇంత చిన్న సర్దుబాటు మొదటి వారంలో చేస్తే తెలియనే తెలియదు. పదో వారంలో గుర్తొస్తే మిగిలిన రెండు వారాల్లో మీ చేతిలో ఉన్నదే 24, లోటు పూడ్చాలంటే అది మొత్తం వదులుకున్నా చాలదు.

మొదటి ఐదు వారాలకు కావాల్సిన 235 సంగతి. ఇంట్లో చేబదులు తీసుకోవడమే అన్నిటికంటే చవక. తీసుకున్న మొత్తం, తిరిగిచ్చే తేదీ ఒక మెసేజ్‌లో రాసి పెట్టండి. ఇంట్లోవాళ్ల దగ్గర రాతలేమిటి అనిపించొచ్చు, కానీ రాయని చేబదులు ఎప్పటికీ ‘వచ్చే నెల’లోనే ఉంటుంది. కొన్ని కంపెనీలు ఇంటర్న్‌లకు కూడా అడ్వాన్స్ ఇస్తాయి, అదీ అడిగి చూడండి. మధ్యాహ్నం డబ్బా తీసుకెళ్తే ఆ 18లో చాలాభాగం తగ్గుతుంది. ప్రయాణానికి నెల పాస్ ఉంటే రోజు టికెట్లతో పోల్చి, ఎన్ని పనిదినాలకు గిట్టుబాటవుతుందో చూసి కొనండి. మీ పని చివరి నెలలో పదే రోజులు కాబట్టి ఆ నెలకు పాస్ తీసుకుంటే నష్టమే కావొచ్చు.

చేతిలో ఇంకో ఆఫర్ కూడా ఉన్నవాళ్లకు ఒక మాట. స్టైపెండ్ అంకెను నేరుగా పోల్చొద్దు. వారానికి 40 గంటల పనికి 100 ఇస్తూ, మరో 8 గంటలు ప్రయాణానికే పట్టి, 35 ఖర్చయ్యే చోట మీకు నిజంగా దక్కేది 48 గంటలకు 65, గంటకు 1.35. దగ్గర్లోనే 80 ఇచ్చే చోట ప్రయాణం 2 గంటలు, ఖర్చు 10 అయితే 42 గంటలకు 70, గంటకు 1.67. తక్కువ ఇచ్చేచోటే ఎక్కువ మిగిలింది, వారానికి ఆరు గంటలు కూడా. పని నేర్చుకునే విలువ రెండుచోట్లా సమానమైతేనే ఈ పోలిక. నేర్పేవాళ్లున్న చోటికి కాస్త నష్టమైనా వెళ్లమనే నా సలహా. డబ్బే ఇవ్వని ఇంటర్న్‌షిప్ అయితే నాలుగు వారాలకు మించకుండా, మీ పనిని చూసి దిద్దే మనిషి ఎవరో ముందే తెలిసి ఉంటేనే ఒప్పుకోండి.

డబ్బు ఉంచే చోటు కూడా ముఖ్యమే. ఒకే ఖాతాలో ఫీజు, చేతి ఖర్చులు కలిసి ఉంటే బ్యాలెన్స్ చూసిన ప్రతిసారీ ఉన్నవాళ్లలా కనిపిస్తారు, ఖర్చూ అలాగే సాగుతుంది. రెండో ఖాతా ఒకటి తెరిచి, దానికి కార్డు తీసుకోకుండా, ఫోన్‌లోని చెల్లింపుల యాప్‌కు జోడించకుండా వదిలేయండి. జీతం పడ్డ రోజే ఫీజు భాగం అందులోకి మార్చండి. చేతి ఖర్చులకు వారం మొత్తాన్ని సోమవారం తీసుకోండి. శుక్రవారం తీసుకుంటే ఆదివారం రాత్రికే అయిపోయి, మిగతా నాలుగు రోజులు పక్కవాళ్ల జేబు వైపు చూడాల్సి వస్తుంది. ఫీజు డబ్బు షేర్లలో పెడదామనే ఆలోచన వస్తే మానుకోండి. మూడు నెలల్లో కచ్చితంగా తీయాల్సిన డబ్బుకు ధర పడితే ఆగే తీరిక ఉండదు.

పని అయిపోయాక కాలేజీ తెరిచేలోపు ఉన్న రెండు వారాలను వేరుగా చూడాలి. రెండో జీతం ఖాతాలో ఉంటుంది, పొద్దున్నే లేచే పని ఉండదు, స్నేహితులంతా ఖాళీ. చేతి ఖర్చు రెట్టింపయ్యేది అప్పుడే. ఎక్కడికైనా వెళ్లాలనుకుంటే ఆ ఖర్చును ముందే ఒక గడిలో రాసుకోండి. రాసుకున్నది విహారం, రాసుకోనిది లోటు.

చిన్న చిల్లులు కొన్ని. ఉచిత ట్రయల్ తీసుకున్న ఏ సబ్‌స్క్రిప్షన్‌నైనా తీసుకున్న రోజే రద్దు చేయండి. చాలా సర్వీసుల్లో ట్రయల్ గడువు దాకా వాడుకోనిస్తారు, ఆటో డెబిట్ మాత్రం ఆగుతుంది. వేసవికి గది అద్దెకు తీసుకుంటే చేరిన రోజే గోడలు, కుళాయిలు, సామాను ఫొటోలు తీసి యజమానికి పంపండి, అడ్వాన్స్‌లో కోతలు పెట్టేటప్పుడు పనికొస్తాయి. స్టైపెండ్‌లో పన్ను కోస్తే ఆ పత్రాలు దాచండి. ఏడాది ఆదాయం పన్ను పరిమితిలోపే ఉంటే, చాలా దేశాల్లో రిటర్న్ వేసి ఆ మొత్తాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆఫర్ లెటర్, పే స్లిప్‌లు, పని పూర్తయినట్టు ఇచ్చే సర్టిఫికెట్ ఒకే ఫోల్డర్‌లో ఉంచితే వచ్చే ఏడాది ఉద్యోగ దరఖాస్తులకూ అవే.

వేసవిలో విద్యార్థుల కోసమే వల వేసే మోసాలు మూడు రకాలు. ఉద్యోగం ఇస్తామంటూ రిజిస్ట్రేషన్‌కో, ట్రైనింగ్‌కో, ల్యాప్‌టాప్ డిపాజిట్‌కో ముందు డబ్బు అడిగేవి మొదటివి. వీడియోలకు లైక్‌లు కొడితే మొదట చిన్న మొత్తాలు నిజంగానే ఇచ్చి, నమ్మకం కుదిరాక పెద్ద ‘టాస్క్’ కోసం డిపాజిట్ కట్టమనేవి రెండోవి. అన్నిటికంటే ప్రమాదకరమైనది మూడోది: మీ ఖాతాలోకి డబ్బు వస్తుంది, కొంత కమీషన్ ఉంచుకుని మిగతాది ఫలానా ఖాతాకు పంపండి అంటారు. అది దొంగసొమ్మును చేతులు మార్చే పని. మొదటి రెండింటిలో డబ్బు పోతుంది, ఇందులో మీ ఖాతా స్తంభించి మీ మీద కేసు కూడా పడొచ్చు.

ఇక క్రెడిట్ కార్డు. బిల్లు మొత్తాన్ని గడువులోగా కట్టగలిగితే దానితో ఇబ్బంది లేదు. కానీ మీ పరిస్థితి చూడండి. మొదటి ఐదు వారాల 235లో అధికభాగం కార్డు మీద పెడితే బిల్లు మొదటి జీతం చుట్టుపక్కల వస్తుంది. గడువు జీతానికి రెండు రోజులు ముందు పడినా ‘మినిమమ్ డ్యూ’, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన భాగం, కట్టి ఊరుకోవాలనిపిస్తుంది. నెలకు 3 శాతం వడ్డీ, 5 శాతం మినిమమ్ అనుకుంటే, ఇక కొత్తగా ఒక్క కొనుగోలు చేయకపోయినా బాకీ సగానికి తగ్గడానికి దాదాపు 32 నెలలు పడుతుంది. అప్పటికి మీ డిగ్రీ అయిపోయి ఉంటుంది. పైగా కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే సాధారణంగా తీసిన రోజు నుంచే వడ్డీ, దానికి తోడు ఫీజు. ఇంట్లో చేబదులు దొరకదు, అడ్వాన్స్ ఇవ్వరు, కార్డు తప్పదు అనుకుంటే బిల్లింగ్ తేదీని జీతం తేదీ తర్వాతకు మార్చమని బ్యాంకును అడిగి, ప్రయాణం, భోజనాలకే వాడి, మొత్తం బిల్లుకు ఆటో పేమెంట్ పెట్టండి.

లోన్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు. 100కి పది ఫీజే కదా అంటారు. ఆ పది ముందే కోసుకుని 90 చేతిలో పెట్టి, 14 రోజుల్లో 100 కట్టమంటే అది రెండు వారాలకే 11 శాతం పైచిలుకు, ఏడాదికి లెక్కేస్తే దాదాపు 290 శాతం. మీ మొదటి జీతం 35వ రోజుకు గానీ రాదు. అంటే జీతం ముఖం చూసేలోపే ఆ అప్పును రెండుసార్లు తిరగరాయాలి.