బాత్‌రూమ్ టైల్స్ మార్చేటప్పుడు పాత రేడియేటర్‌ను ఏం చేయాలి?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మేము కొన్న ఇల్లు 1970లలో కట్టినది. బాత్‌రూమ్ గోడలకు పాత టైల్స్ తీయించి కొత్తవి వేయించాలనుకుంటున్నాము. అక్కడి రేడియేటర్ (బాయిలర్‌లో కాగిన నీరు లోపల తిరుగుతూ గదిని వెచ్చగా ఉంచే లోహపు పలక) కింది అంచు తుప్పు పట్టింది. దానిని కదల్చకుండా చుట్టూ టైల్స్ వేస్తానని మేస్త్రీ అంటున్నారు. మావారేమో దానిని తీసేసి, తువాళ్లు ఆరవేసుకునే క్రోమ్ నిచ్చెన రేడియేటర్ పెట్టిద్దామంటున్నారు. ఏది మంచిది? ఏ పని ముందు చేయించాలి?
– ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: రేడియేటర్‌ను గోడకే ఉంచి చుట్టూ టైల్స్ వేయించడానికి ఒప్పుకోకండి. కింది అంచు అతుకు దగ్గర తుప్పు బయటికి కనిపిస్తున్నదంటే అది ఎప్పుడో ఒకప్పుడు కారక తప్పదు. అప్పుడు మార్చబోతే అదే కొలతలో కొత్తది దొరకకపోవచ్చు. వేరే కొలతది పెడితే, పాతదాని వెనుక టైల్స్ లేని గోడ ఏదో ఒక పక్క బయటపడవచ్చు. టైల్స్‌కు, కూలికి అయ్యే ఖర్చుతో పోలిస్తే రేడియేటర్ ధర చిన్నది కనుక ఇప్పుడే తీయించి, వెనుక గోడకు కూడా పూర్తిగా టైల్స్ పరిపించండి.

ఇక మీవారి ఆలోచన. చలికాలంలో అక్కడ తువాలు రోజంతా తడిగానే ఉంటుంది కాబట్టి ఆ ముచ్చట సహజమే, కానీ నిచ్చెన రేడియేటర్‌ను చూపు కోసం కాక వేడి కోసం ఎంచుకోవాలి. 500 మి.మీ. వెడల్పు, 1200 మి.మీ. ఎత్తు ఉన్న క్రోమ్ రకం సుమారు 350 నుంచి 400 వాట్ల వేడినే ఇస్తుంది. అదే కొలతలో తెల్ల రంగు వేసినది అంతకంటే గణనీయంగా ఎక్కువ ఇస్తుంది, ఎందుకంటే మెరిసే క్రోమ్ పూత వేడిని తక్కువగా వెలువరిస్తుంది. ఒక మాదిరి పరిమాణంలోని మామూలు పలక రేడియేటర్ ఆ క్రోమ్ రకానికి రెట్టింపు ఇవ్వగలదు. పైగా తువాళ్లు కప్పినకొద్దీ గదికి చేరే వేడి తగ్గిపోతుంది. దుకాణం వారు చెప్పే వాట్ల లెక్క సాధారణంగా నీటి సగటు వేడి గది వేడికంటే 50 డిగ్రీలు ఎక్కువ ఉన్నప్పటిది. మీ బాయిలర్‌ను తక్కువ వేడికి పెట్టుకొని ఆ తేడా 30 డిగ్రీలకు పడిపోతే, వచ్చే వేడి దాదాపు సగమే. బాత్‌రూమ్‌ను 22 డిగ్రీల దగ్గర ఉంచాలన్నది అక్కడి వాడుక లెక్క. కిటికీ, బయటి గోడలు, గది కొలతలు చెప్పి ఎన్ని వాట్లు కావాలో ముందు లెక్క వేయించండి. నన్నడిగితే, స్థలముంటే తగినంత పెద్ద తెల్ల పలక రేడియేటర్ పెట్టించి, తువాళ్లకు పైన ఒక కడ్డీ బిగించుకోవడమే మేలు. క్రోమే కావాలంటే పెద్ద కొలత తీసుకోండి. వేసవిలోనూ తువాళ్లు ఆరాలని లోపల కరెంటు హీటర్ ఉన్న రకం కొంటే, ఆ పనిని అర్హత నమోదై ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించి ధ్రువపత్రం తీసుకోండి.

పని మొదలుకాక ముందే రేడియేటర్‌ను కొని ఇంట్లో ఉంచుకోవాలి, ఎందుకంటే పైపులు ఎక్కడికి రావాలో దాని కొలతలే చెబుతాయి. ప్లంబర్ నీటిని ఖాళీ చేసి, పాతదాన్ని విప్పి, పైపులను కొత్త స్థానానికి మార్చి, మూతలు బిగించి, కారడం లేదని పరీక్షించిన తరువాతనే టైల్స్ పని మొదలుకావాలి. టైల్, దాని కింది జిగురు కలిసి గోడ ముఖాన్ని సుమారు 12 నుంచి 15 మి.మీ. ముందుకు తెస్తాయి; నేల నుంచి లేచే పైపులను పాత గోడకు ఆనించి ఉంచితే వాల్వులు బిగించడానికి చోటు చాలదు. ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది. మీది ప్లాస్టర్‌బోర్డు (జిప్సం పలకల) గోడ అయితే, రేడియేటర్ కొక్కేలు వచ్చేచోట లోపల చెక్క ఆధారం ముందే బిగించాలి. రంధ్రాలకు డైమండ్ బిట్ వాడమనండి. టైల్ దాటే వరకు డ్రిల్‌ను సుత్తిలా కొట్టే విధంగా నడపకూడదు.

పాత రేడియేటర్‌కు వేడిని తనంతట తగ్గించే వాల్వు లేకపోతే, కొత్తదానికి అది పెట్టించే ముందు ప్లంబర్‌ను ఒక మాట అడగండి: కొన్ని ఇళ్లలో మిగతా వాల్వులన్నీ మూసుకున్నప్పుడు నీరు తిరగడానికి బాత్‌రూమ్ రేడియేటర్‌నే ఎప్పుడూ తెరిచి ఉంచుతారు. అలాగైతే దానికి ఈ వాల్వు పెట్టించకూడదు.

మీ ఇంటి వయసును బట్టి, పగలగొట్టడానికి ముందే పైపులను కప్పిన పలకలు, స్నానపు తొట్టి పక్క పలక, నేల టైల్స్‌లో ఆస్‌బెస్టాస్ (పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే పీచు ఖనిజం) ఉందేమో పరీక్ష చేయించండి. బ్రిటన్‌లో దాని వాడకం పూర్తిగా నిషేధమైనది 1999లోనే.

గ్రౌట్ (టైల్స్ మధ్య సందులు నింపే పూత) ఆరిన తరువాత రేడియేటర్ బిగించి, నీటితో పాటు తుప్పును అడ్డుకునే ద్రావణాన్ని పోయించి, లోపల చిక్కిన గాలి తీయించండి. మీది కాంబీ బాయిలర్ (రేడియేటర్లకూ కొళాయిలకూ ఒక్కటే వేడినీరు ఇచ్చే రకం) అయితే చల్లగా ఉన్నప్పుడు పీడనం 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. మొదటి కొద్ది రోజులు వాల్వుల కింద పొడి కాగితం పరిచి ఉంచితే, సన్నని చెమ్మ కూడా దానిమీద మరకగా తెలిసిపోతుంది.