తోపుడు బండ్లు, దుకాణాలు, పాదచారులు: ఒకే వీధిలో ముగ్గురికీ చోటెలా?

బండ్లను ఖాళీ చేయించడంతో మొదలుపెట్టకండి. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం ముందు విక్రేతల సర్వే, తర్వాత వాళ్లకు విక్రయ ధ్రువపత్రం. ఆ రెండూ పూర్తయ్యేదాకా ఎవరినీ తీసేయకూడదు. వార్డు జనాభాలో 2.5 శాతం వరకు విక్రేతలకు చోటివ్వాలి.

నిర్ణయాలకు మూలం పట్టణ విక్రయ కమిటీ. మున్సిపల్ కమిషనర్ దానికి అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం విక్రేతలు తమలోంచి ఎన్నుకున్నవాళ్లే ఉండాలి, వాళ్లలో మూడోవంతు మహిళలు. ట్రాఫిక్ పోలీసులకూ, వర్తక సంఘాలకూ, కాలనీవాళ్లకూ చోటుంటుంది. ఎన్నిక లేకుండా నాయకుల మనుషుల్ని కూర్చోబెడితే గంపలో ఆకుకూరలమ్మే ఆమె గొంతు అక్కడికి చేరదు. పని చెడేది ఎక్కువగా ఇక్కడే.

తర్వాత టేపు పట్టుకుని వీధిలోకి దిగండి. కాలిబాటపై 1.8 మీటర్లు నడవడానికి వదలండి, చక్రాల కుర్చీ వెళ్లాలి కదా. దుకాణం మెట్లకు అడ్డం లేకుండా బండి గళ్లకు పెయింటుతో గీతలు గీసి నంబర్లు వేయండి. చోటు చాలకపోతే వేళలు పంచండి: పొద్దున కూరగాయల బండి నిలిచిన గడిలోనే సాయంత్రం మిరపకాయ బజ్జీల బండి. మధ్యలో ఊడ్చే బాధ్యత ఎవరిదో రాసిపెట్టకపోతే మొదటి గొడవ చెత్త దగ్గరే మొదలవుతుంది.

తరలించక తప్పకపోతే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసివ్వాలి. టమాటా లాంటి పాడయ్యే సరుకును యజమాని అడిగిన రోజే తిరిగివ్వాలి.