చేపలు పట్టే ఇళ్లలో తిండికి కొరత ఎందుకు వస్తుంది?

చెన్నై కాశిమేడు వంటి రేవుల్లో మత్స్యకార కుటుంబం తిండి పట్టిన చేపల మీద కాక, వాటిని అమ్మగా చేతికందే డబ్బు మీద ఆధారపడుతుంది కాబట్టి, వేట ఆగినప్పుడల్లా ఆ ఇంట్లో కొరత వస్తుంది. మరపడవ తెచ్చిన సరుకు వేలంలో అమ్ముడయ్యాక డీజిలు, ఐసు, భోజనాల ఖర్చు మినహాయించి, మిగిలినదాన్ని యజమానీ పనివారూ వాటాలుగా పంచుకుంటారు. బియ్యం మొదలు మందుల వరకు అన్నీ ఆ వాటాతోనే కొనాలి.

ఉదాహరణకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేటను నిషేధిస్తారు. అప్పుడు రేషను బియ్యం, ప్రభుత్వమిచ్చే నిషేధకాల సాయం ఉన్నా పప్పు, నూనె, కూరగాయలు, పాలు తగ్గిపోయి ఇల్లు అప్పుతో నడుస్తుంది. అసలు చిక్కు ఈ అప్పులోనే ఉంది: అది చేపల వ్యాపారి దగ్గర తెచ్చినదైతే, వేట మొదలయ్యాక సరుకు అతనికే, తరచుగా అతను చెప్పిన ధరకే, ఇవ్వవలసి వస్తుంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ పడవల్లో పనిచేసే తెలుగువారి పరిస్థితీ ఇంతే.

సముద్రం పక్కన ఉన్నవారికి ఆకలి ఉండదన్నది అపోహ. వంజరం, రొయ్య వంటి ఖరీదైనవి అమ్మకానికే పోతాయి. ఇంటికి మిగిలే చిన్న చేపలు మాంసకృత్తులను ఇస్తాయే గాని, గింజల లోటునూ కూరగాయల లోటునూ తీర్చవు.