ఉడుత చేత ఉపన్యాసం ఇప్పించకు

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతో పంపిన ఉడుత కథ రెండూ చదివాను. "మాస్టారూ, యానిమేషన్ సినిమాల్లో ఇప్పుడు కథలెక్కడున్నాయి, అన్నీ రెండో భాగాలూ మూడో భాగాలే కదా, అటువైపు రాసి ఏం లాభం?" అని అడిగావు. సగం నిజమే. 2024లో 'ఇన్‌సైడ్ అవుట్ 2' నూట అరవై కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. మరుసటి ఏడు, అది తీసిన పిక్సార్ అనే యానిమేషన్ సంస్థే 'ఎలియో' అనే కొత్త కథ తీస్తే, మొదటి వారాంతం వసూళ్లలో ఆ సంస్థ సినిమాలన్నిటికంటే అదే అట్టడుగున నిలిచింది. ఇక డబ్బు పెట్టేవాడు ఎటు మొగ్గుతాడో వేరే చెప్పాలా? మనవడి పక్కన కూర్చుని ఇలాంటివి చూస్తూ నేనూ చాలాసార్లు కునికిపాట్లు పడ్డాను.

కానీ అదే 2024లో లాత్వియా అనే చిన్న దేశం నుంచి 'ఫ్లో' వచ్చింది. గింట్స్ జిల్‌బాలోడిస్ అనే కుర్రాడు బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తీశాడు. 2025లో ఆస్కార్ కూడా వచ్చింది. సినిమా మొత్తంలో ఒక్క మాట లేదు. ఒక్క మనిషి లేడు. వరద వస్తుంది, నీళ్లంటే హడలిపోయే పిల్లి ఒకటి పడవ ఎక్కుతుంది. అందులో అప్పటికే ఒక కాపిబరా ఉంటుంది (మన పందికొక్కుకి పెద్దన్న అనుకో). తర్వాత అద్దం లాంటి వస్తువులు పోగేసుకునే లెమర్ (కోతిలా ఉంటుందిలే), ఒక కుక్క, రెక్క విరిగిన పెద్ద పక్షి వచ్చి చేరతాయి.

మావాడు మొదట పది నిమిషాలు "ఇది ఎప్పుడు మాట్లాడుతుంది తాతయ్యా?" అని ప్రాణం తీశాడు. తర్వాత అడగడం మానేశాడు. పిల్లి మొదటిసారి చేపల కోసం తనంతట తానే నీళ్లలోకి దూకినప్పుడు చూస్తే, వీడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. అంతకుముందు నీటి చుక్క తగిలితే వణికిన పిల్లి అది. 'నాకు భయం పోయింది' అని ఎవరూ చెప్పలేదు, ఆరేళ్ల పిల్లాడికి అర్థమైపోయింది.

ఇందులో కథ కొత్తదా? వరద, పడవ, అందులో ప్రాణులు. మత్స్యావతారం కథ మన అమ్మమ్మలకే పాతది. కొత్తది ఆ పిల్లి. అది పిల్లిలాగే అనుమానపడుతుంది, పిల్లిలాగే విదిలించుకుని పోతుంది. ఎవరూ రాయని కథ కోసం నువ్వు వెతుక్కుంటున్నావు. నేనైతే ఆ వెతుకులాట మానేసి చాలా ఏళ్లయింది.

ఇంకోటి చెబుతాను. పిక్సార్ వాళ్ల 'టాయ్ స్టోరీ' ఆటబొమ్మల కథ: వుడీ అనే పాత కౌబాయ్ బొమ్మకి, కొత్తగా వచ్చిన బజ్ అనే వ్యోమగామి బొమ్మంటే అసూయ. అది తయారవుతున్నప్పుడు, 1993 నవంబరులో, అప్పటిదాకా చేసింది డబ్బు పెట్టిన డిస్నీ వాళ్లకు చూపించారు. వుడీ ఎంత దుర్మార్గంగా కనిపించాడంటే పని ఆపేయమన్నారు. ఆ రూపంలో అతను బజ్‌ని కావాలనే కిటికీలోంచి తోసేస్తాడు. తిరగరాశాక ఏం చేశారో చూడు: వుడీ అసూయ అలాగే ఉంది, బజ్‌ని బల్ల వెనక్కి పడేయాలనే అనుకుంటాడు, అది కాస్తా శ్రుతిమించి బజ్ కిటికీ బయట పడతాడు. మారింది ఆ ఒక్క ఉద్దేశమే, దాంతో మనం అతన్ని క్షమించగలుగుతాం. బొమ్మలు గీయడానికి ఎన్ని కంప్యూటర్లున్నా ఈ పని మాత్రం కాగితం ముందు కూర్చుని బుర్ర బాదుకుంటేనే అవుతుంది.

ఇప్పుడు నీ ఉడుత. మూడో పేరాలోనే అది చెట్టెక్కి "స్నేహమంటే పంచుకోవడం" అని కాకికి క్లాసు పీకింది. అక్కడ నేను కాగితం పక్కన పెట్టేసి టీ పెట్టుకున్నాను. నీ కథలో మాటలన్నీ కొట్టేసి, మిగిలింది ఒకసారి చదువుకో. ఏమీ మిగలకపోతే కంగారుపడకు, నా మొదటి కథలకీ అంతే అయ్యేది.

కానీ రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. ఉడుత చివరి వేరుశనక్కాయని పాతిపెట్టి, కాకి చూసిందేమోనని తవ్వి తీసి, ఇంకోచోట పాతిపెట్టి, మళ్లీ తవ్వింది. అది నువ్వు మీ పెరట్లో చూసిందే అయ్యుంటుంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టు. ఆ కాయ కాకికి ఇస్తుందో లేదో నాకు ముందే చెప్పకు.

పండక్కి వచ్చేటప్పుడు తెచ్చెయ్. మావాడికి కూడా చదివి వినిపిద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు